ఎడమ చెవి చెప్పిన అబద్ధం

చల్లారాక రాద్దామని ఇన్ని నెలలు ఆగాను. చల్లారలేదు. అందుకే కోపంతోనే రాస్తున్నాను. ఒక పొద్దున మీరు నిద్ర లేచేసరికి ఒక చెవి మూసుకుపోయి ఉంటే ఆ రోజే, ఆ పూటే చెవి పరీక్ష చేసే పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతాది చదవకపోయినా ఫర్వాలేదు.

నా పేరు సునీత. సిద్దిపేటలో మా ఇంటి ముందు గదిలోనే ఇరవై ఏళ్లకు పైగా పిల్లలకు సంగీతం నేర్పుతున్నాను. నా భర్త రమేశ్‌కు పాత బస్టాండు దగ్గర జిరాక్సు దుకాణం ఉంది. కూతురు వరంగల్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. నాకు గొప్ప గొంతేం లేదు. ఉన్నదల్లా చెవి. సంగీత కళాశాలలో చదివేటప్పుడు వార్షికోత్సవం వస్తే తంబురాలన్నీ నా ముందు పెట్టి శ్రుతి చేయించేవారు. పిల్లల తల్లిదండ్రులకు నేనొక మాట చెబుతుండేదాన్ని. "పిల్లలు తమ గొంతును లోపలి నుంచి వింటరు. అది బయటికి ఎట్ల వస్తుందో వాళ్లకు తెల్వదు. బయట కూసోని వినేదే టీచర్." ఆ మాటలో తప్పేం లేదు. కానీ టీచరు చెవి పాడైతే ఏం కావాలన్నది ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడగలేదు.

జూన్ చివరి వారం. వానలు మొదలై రెండ్రోజులైంది. పొద్దున ఫోను మోగితే ఎడమ చెవికి పెట్టుకున్నాను. అవతల ఎవరూ లేరు. పెట్టేయబోయి ఎందుకో కుడి చెవికి మార్చాను. మా అమ్మాయి. "అమ్మా, ఇనవడ్తుందా" అని అప్పటికి నాలుగుసార్లు అడిగిందట. ఎడమ చెవిలో దూది కుక్కినంత బరువు. ఆ దూది వెనక ఎక్కడో మిక్సీ తిరుగుతున్నట్టు ఒకటే రొద. లేచి నిలబడితే గోడ పక్కకు జరిగింది.

"నిన్న తలకు వోసుకున్నవ్ గద. నీళ్లు వోయినయేమో" అన్నాడు రమేశ్. నేనూ అదే అనుకున్నాను. నూనె వెచ్చచేసి రెండు చుక్కలు వేశాడు. మర్నాటికీ తగ్గకపోతే మా వీధి చివర ఉన్న దవాఖానకు తీసుకెళ్లాడు.

ఆ దవాఖాన పేరు రాయను. వరుసగా ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు టీవీ, ఒక మూల కాంపౌండరు బల్ల. నా ఎడమ చెవి అతని వైపు ఉండేలా కూర్చున్నాను. నా నంబరు ఎప్పుడు పిలిచాడో నాకు తెలియదు. రమేశ్ బయట బండి పక్కకు పెట్టడానికి వెళ్లాడు. మరో ఐదారుగురు లోపలికి వెళ్లి వచ్చాక అడిగితే, "పిలిస్తే పలకలేదు మేడం, మల్ల లైన్ల కూసోండ్రి" అన్నాడు. చెవి వినపడక వచ్చినవాళ్లను కేకేసి పిలిచే చోటు అది. అప్పుడు నవ్వుకున్నాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వు రాదు.

డాక్టరు లైటు పెట్టి చూశాడు. గుబిలి ఉందన్నాడు, లోపల జలుబు చేరిందన్నాడు. చుక్కల మందు రాశాడు. "సార్, నేను సంగీతం చెప్త. నాకు చెవితోనే పని. తల కూడ తిరుగుతుంది" అన్నాను. ఆయన రమేశ్ వైపు చూసి, "మేడంకు టెన్షన్ ఎక్కువున్నట్టుంది" అన్నాడు.

వారం తర్వాత మళ్లీ వెళ్లాం. తేడా లేదని చెప్పాను. ఇంకో రకం చుక్కలు రాశాడు. "వినికిడి పరీక్ష ఏమన్న చేయించాల్నా సార్" అని అడిగాను. దీనికి కూడా జవాబు రమేశ్‌కే చెప్పాడు. "అవసరం లేదండి. ఈ వయసుల ఆడవాళ్లకు ఇట్లాంటివి వస్తుంటయి. రెండో చెవి బాగనే ఉంది గద."

రెండో చెవి బాగానే ఉంది కదా. ఆ నెలంతా నేను విన్న మాట ఇదే. పక్కింటివాళ్లు అన్నారు, చుట్టాలు అన్నారు. ఒక కన్ను పోయినవాణ్ని ఎవరూ ఇలా ఓదార్చరు. చెవి అనేసరికి అందరికీ తేలిక.

హైదరాబాద్ పోదామని రమేశ్‌ను అడిగాను. బడులు కొత్తగా తెరిచిన రోజులు, దుకాణం ముందు పిల్లలు బారులు తీరి ఉంటారు. "డాక్టరే జెప్తుండు గద సునీతా. ఇంకో వారం చూద్దాం" అన్నాడు. నేను ఒంటరిగా బస్సెక్కి పోయి ఉండొచ్చు. నడుస్తుంటేనే తూలుతున్నాను కాబట్టి భయపడ్డాను. వెళ్లడం కంటే అతని మీద కోపగించుకోవడమే తేలికనిపించి ఆగిపోయాను. ఇంకో వారం చూశాం, ఆ తర్వాత ఇంకో వారం.

జూలై నడిమధ్యలో ఒక పొద్దున ఎడమ చెవి తెరుచుకుంది. వంటింట్లో స్టీలు గిన్నె జారి పడితే రెండు వైపుల నుంచీ వినిపించింది. అక్కడే కూర్చుని ఏడ్చాను. రమేశ్‌కు ఫోన్ చేశాను. "చెప్పలేదా నేను" అన్నాడు. ఆ రోజు పాయసం చేశాను. తల తిరగడం కూడా తగ్గింది. ఎడమ వైపు నుంచి వచ్చే ధ్వనికి మాత్రం ఒక రేకు అంచు ఉన్నట్టుండేది, పాత ట్రాన్సిస్టరులో వచ్చినట్టు. అదీ మెల్లగా పోతుందిలే అనుకుని జూన్‌లో ఆపేసిన పాఠాలు మర్నాటి నుంచే మళ్లీ మొదలుపెట్టాను.

ఇక్కడ శిరీష గురించి చెప్పాలి. దుబ్బాక పిల్ల. వాళ్ల బాపు మగ్గం నేస్తాడు, వాళ్లమ్మ బీడీలు చుడుతుంది. సిద్దిపేటలో ఇంటర్ చదువుతూ, కాలేజీ అయ్యాక మా ఇంటికొచ్చి గంటసేపు పాడి ఆరింటి బస్సుకు వెళ్లేది. నా దగ్గర నేర్చుకున్న పిల్లలందరిలో అంత శుద్ధమైన గొంతు నేను వినలేదు. ఇంటర్ పిల్లలకు జిల్లా పాటల పోటీ ఉందని ఆగస్టులో తెలిసింది. పేరు నేనే ఇప్పించాను. మిగతా పిల్లలు ఎదురుగా చాప మీద కూర్చుంటే, శిరీషను నా పక్కనే కూర్చోబెట్టుకుని సాధన చేయించేదాన్ని. కరెంటు ప్లగ్గు కుడి వైపు గోడకు ఉంది కాబట్టి శ్రుతి పెట్టె నా కుడి పక్కన ఉండేది. శిరీష ఎడమ పక్కన.

మొదటి రోజే షడ్జం పట్టుకోగానే నాకు ఒళ్లు చిరచిరలాడింది. శ్రుతి పెట్టె ఒక చోట ఉంది, పిల్ల గొంతు దానికంటే పైన ఉంది.

"పైకి పోతున్నవ్. దిగు."

పిల్ల పెట్టె వైపు చూసింది, నా వైపు చూసింది. కొంచెం దించింది.

"ఇంకా."

ఇంకా దించింది. అప్పుడు నాకు కలిసింది.

మూడు వారాలు ఇదే. ఎక్కడ పాడినా పైకి పోతున్నట్టే ఉండేది. తిట్టాను. తొడ మీద తాళం వేసే చేతిని పట్టుకుని ఆపి, "చెవులు ఎక్కడ వెట్టినవ్" అన్నాను. ఇంత మంచి గొంతుకు శ్రుతి జ్ఞానం లేకుండా పోయిందని రమేశ్‌తో చెప్పి బాధపడ్డాను. పిల్ల మెల్లమెల్లగా నేను చెప్పిన చోటికి దిగడం అలవాటు చేసుకుంది. నాకు కలిసే చోటికి. అది అసలు చోటు కాదని ఆ గదిలో తెలియనిది నాకొక్కదానికే.

పోటీ రోజు హాల్లో నేను ఎడమ చివర కుర్చీలో కూర్చున్నాను. అక్కడి నుంచి వేదిక నాకు కుడి వైపు పడింది. శిరీష వచ్చి మైకు ముందు నిలబడింది. శ్రుతి పెట్టారు. పాట ఎత్తుకుంది.

దిగి ఉంది. కొంచెం కాదు, ఎవరికైనా తెలిసేంత. న్యాయనిర్ణేతల్లో ఒకాయన కాగితం మీద నుంచి తలెత్తి చూశాడు. కీబోర్డు అబ్బాయి రెండుసార్లు శ్రుతి గట్టిగా వినిపించాడు, అందుకోమన్నట్టు. పిల్ల ఒక్క క్షణం పైకి వచ్చింది, హాలంతా ఊపిరి తీసుకున్నట్టయింది, అంతలోనే నా వైపు చూసి మళ్లీ దిగిపోయింది. వెనక వరసలో ఎవరో నవ్వారు. పాట చివరిదాకా పాడింది. ఆగలేదు, ఏడవలేదు.

కిందికి వచ్చాక నేనన్న మాటలు నాకు అక్షరం అక్షరం గుర్తున్నాయి. "ఇన్ని రోజులు పైకి పోయినవ్, ఇయ్యాల దిగినవ్. భయపడ్డవా? ఇంత నేర్పినంక నలుగుర్ల నా తల వంచినవ్."

"బస్ టైమైతుంది టీచర్" అంది. అంతే. వెళ్లిపోయింది.

మరుసటి సోమవారం రాలేదు. ఆ వారమంతా రాలేదు. ఫోన్ చేస్తే వాళ్ల బాపు ఎత్తి, "చదువు ఎక్కువైందంట టీచరమ్మా, ఇగ రాదట" అన్నాడు. ఓడిపోయినందుకు అలిగిందని అనుకున్నాను. కాస్త ఎదిగితే తెలుస్తుందిలే అని కూడా అనుకున్నాను.

బతుకమ్మ పండుగ వచ్చింది. చివరి రోజు, సద్దుల నాటి సాయంత్రం చెరువు గట్టు మీద వందల మంది ఆడవాళ్లం. ఏటా పాట ఎత్తుకునే గుంపులో నేనుంటాను. ఒకామె చరణం అందుకుంది, అందరం తిప్పి పాడాలి, చప్పట్లతో వంగి లేస్తూ తిరగాలి. రెండు అడుగులు వేశానో లేదో, పాట రెండైంది. ఒకే మాట, ఒకే వరస, రెండు వేర్వేరు ఎత్తుల్లో, ఒకదాన్నొకటి రాసుకుంటూ. ముందు ఎవరో వేరే శ్రుతిలో పాడుతున్నారని అనుకుని అటు తిరిగాను. ఆ రెండో పాట కూడా నాతో పాటు తిరిగింది. ఇటు తిరిగితే ఇటు వచ్చింది. బయట రెండు పాటలు లేవని అప్పుడు తెలిసింది.

ఉన్నచోటే కింద కూర్చున్నాను. ఎవరో ఒక ముసలామె, ముఖం కూడా సరిగ్గా చూడలేదు, నా చేతిలో తాంబాలం తీసుకుని పక్కన పెట్టింది. "కొంగు ఇట్ల ఇయ్యి బిడ్డా" అని నా కొంగు తడిపి మెడకు అద్దింది. నా పేరు అడగలేదు, ఏమైందని అడగలేదు. నేను లేచేదాకా ఆట మానేసి పక్కనే ఉండిపోయింది.

మర్నాడు పొద్దున హార్మోనియం ముందు కూర్చున్నాను. ఒక్క మెట్టు నొక్కి ఎడమ చెవి వేలితో మూశాను. ఒక స్వరం. అదే మెట్టు నొక్కి కుడి చెవి మూశాను. ఇంకో స్వరం. దాదాపు పక్క మెట్టంత పైన. మళ్లీ మూశాను, మళ్లీ తీశాను. ఎన్నిసార్లు చేశానో, రమేశ్ స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చి నిలబడ్డాడు.

"ఏం జేస్తున్నవ్?"

"నీకు ఎన్ని ఇనవడ్తున్నయ్?"

"ఒక్కటే గద నొక్కుతున్నవ్. ఒక్కటే ఇనవడ్తుంది."

"నాకు రెండు."

అతను ఏమో అంటున్నాడు. నాకు వినిపించలేదు. శిరీష ఎడమ పక్కన కూర్చునేది, పైన వినిపించే చెవి వైపు. శ్రుతి పెట్టె కుడి పక్కన ఉండేది. అది తప్ప నా తలలో ఇంకేం లేదు.

రెండో రోజే హైదరాబాద్ వెళ్లాం. ఈసారి అతను దుకాణం తాళం వేసి, నేను అడగకముందే బండి తీశాడు. పెద్ద దవాఖాన, పెద్ద హాలు, అక్కడా కేకలే. నా ఎడమ పక్కన తండ్రిని తీసుకొచ్చిన ఒకామె ఉంది, చేర్యాల వాళ్లట. నేను ఆమె మాటకు రెండుసార్లు పలకకపోయేసరికి అర్థం చేసుకుంది. కుర్చీ మారి నా కుడి వైపు వచ్చి కూర్చుంది. "మీ నంబర్ జెప్పున్రి అక్కా. పిలిస్తే నేను జెప్త" అంది. వాళ్ల నాన్నకు చూపించి వచ్చాక కూడా, నాది పిలిచేదాకా ఆమె కదల్లేదు.

పరీక్ష గదిలో కూర్చోబెట్టి హెడ్‌ఫోన్లు పెట్టి చేతికి ఒక బటన్ ఇచ్చారు. ధ్వని వినిపిస్తే నొక్కాలి. నొక్కాను. ఎడమ చెవికి కొన్ని రాలేదు, కొన్ని వచ్చాయి. గంటసేపు అడిగింది ఒక్కటే, వినిపించిందా లేదా. ఏం వినిపించిందని ఆ యంత్రం అడగదు. నా జబ్బు అంతా ఏం వినిపించిందన్న దాంట్లోనే ఉంది.

బయటికి వచ్చి పరీక్ష చేసిన అమ్మాయికి చెప్పాను. పిచ్చిదనుకుంటుందని భయపడుతూనే చెప్పాను. ఆమె నవ్వలేదు. వెనక ఇంకా జనం ఉన్నా నన్ను మళ్లీ లోపలికి తీసుకెళ్లింది. ఒక చెవిలో ధ్వని పెట్టి దాన్ని గొంతుతో పట్టుకోమంది, అదే ధ్వని రెండో చెవిలో పెట్టి మళ్లీ పట్టుకోమంది. నేను రెండు వేర్వేరు స్వరాలు పాడాను. ఆమె రాసుకుంది. "ఇట్ల అయితది మేడం. చానమందికి అయితది, పాడేటోళ్లు కాబట్టి మీకు తెలిసింది. మీ మనసు చేసేది కాదిది" అంది. జూన్ నుంచి నేను చెప్పింది చెప్పినట్టు నమ్మిన మొదటి మనిషి ఆ అమ్మాయి. ఆమె ముందు ఏడ్చినందుకు సిగ్గుపడలేదు.

డాక్టరు కాగితాలు చూశాడు. మొదటి చీటీ మీది తేదీ చూసి, "అప్పుడే వచ్చి ఉంటే" అని ఆగాడు.

"చెప్పండి సార్" అన్నాను.

"ఇది చెవి నరానికి వచ్చిన జబ్బు. మొదటి రెండు వారాల్లో మందు మొదలుపెడితే చాలామందికి ఎంతో కొంత తిరిగి వస్తుంది. మీకు కచ్చితంగా వచ్చేదని చెప్పలేను. రాదనీ చెప్పలేను."

మందులు ఇచ్చారు, వాడాను. ఇప్పుడు కొత్తగా పోయేదేం లేదు. వచ్చేదీ లేదు.

తిరుగు దారిలో రమేశ్ ఒక హోటల్ ముందు బండి ఆపాడు. టీ చెప్పి, "తప్పు నాదే" అన్నాడు. నేను కాదనలేదు. కాదనాల్సింది, అతని ముఖం అలా ఉంది. కానీ అనలేకపోయాను. ఆ కప్పు టీ తాగినంతసేపు ఇద్దరం రోడ్డు వైపు చూశాం.

ఆ వారమే మా వీధి చివరి దవాఖానకు వెళ్లాను. నంబరు తీసుకునే వెళ్లాను. హైదరాబాద్ కాగితాలు ఆ డాక్టరు ముందు పెట్టాను. తిప్పి చూశాడు.

"మొదట్ల జలుబుకు కూడ ఇట్లనే అయితది మేడం."

"రెండూ ఒక్కతీరుగ ఉంటయని మీకు తెలుసు. తెలిసి పరీక్షకు ఎందుకు రాయలే?"

ఆయన అలవాటు ప్రకారం రమేశ్ వైపు తిరిగాడు. "మేడంకు కొంచెం చెప్పండి, బయట పేషెంట్లున్నరు."

రమేశ్ కుర్చీ వెనక్కి జరిపాడు. "అడిగింది ఆమె సార్. ఆమెకే జెప్పున్రి" అన్నాడు.

ఆయన తర్వాతి పేషెంటు కోసం బెల్లు కొట్టాడు. నేను బయటికి వచ్చి కుర్చీల మధ్య నిలబడి అక్కడున్నవాళ్లందరికీ చెప్పాను. ఒక చెవి ఉన్నట్టుండి మూసుకుపోతే చుక్కలతో కూర్చోవద్దని, ఆ పూటే పరీక్ష అడగమని, రాయకపోతే ఇంకో చోటికి పొమ్మని. కాంపౌండరు "మేడం, మేడం" అంటూ వెంట పడ్డాడు. కొందరు నన్ను చూసి తల దించుకున్నారు. తలకు రుమాలు చుట్టుకున్న ఒక రైతు మాత్రం, "ఏ డాక్టరుకు చూపియ్యాలె, ఒక కాయితం మీద రాసియ్యి చెల్లె" అన్నాడు. ఆయనకు ఎన్ని రోజులైందో అడిగాను. నాలుగు రోజులట. రాసిచ్చి, బస్సెక్కేదాకా రమేశ్‌ను తోడు పంపాను.

దుబ్బాక వెళ్లడానికి మాత్రం నాకు ఇంకో నెల పట్టింది. డాక్టరును నిలదీయడానికి ఉన్న ధైర్యం ఆ పిల్ల ముందు నిలబడడానికి లేదు.

మధ్యాహ్నం బస్సుకు వెళ్లాను. ముందు గదిలోనే మగ్గం. వాళ్ల బాపు గుంటలో కాళ్లు పెట్టి తువ్వాల నేస్తున్నాడు. నన్ను చూసి చేయి ఆపాడు. వాళ్లమ్మ గడప దగ్గర బీడీల చాట ఒళ్లో పెట్టుకుని ఉంది, లేవలేదు, కూర్చోమనీ అనలేదు. నేనే గోడకు ఆనుకుని కింద కూర్చుని మొత్తం చెప్పాను. నా చెవి సంగతి, పెట్టె సంగతి, పిల్ల తప్పు పాడలేదన్న సంగతి.

వాళ్లమ్మ ఆకు చుట్టడం ఆపకుండా విన్నది. తర్వాత మాట్లాడింది. "ఒగ నెలంత తిండి సక్కగ తినలే నా బిడ్డ. నా చెవులే మంచిగ లేవవ్వా అని ఏడ్సింది. కాలేజిల గుడ పిలగాండ్లు నవ్విన్రట. ఇప్పుడొచ్చి నా చెవే పాడైందంటున్నవ్. నీకు బాగలేకపోతే ఇంట్ల కూసోవాలె. పిల్లల మీద పడుడేంది?"

"ఊకోయే" అన్నాడు వాళ్ల బాపు. "టీచరమ్మ కావాల్నని చేసిందా."

"నేనెందుకు ఊకోవాలె" అంది ఆమె.

"ఊకోవద్దు" అన్నాను నేను. మనసారా అన్నాను. ఆ కోపం నాకు బాగా తెలుసు. డాక్టరు బల్ల ముందు నేను పడిన కోపమే అది. తేడా ఒక్కటే, ఈసారి బల్లకు అవతల కూర్చున్నది నేను.

శిరీష లోపలి గది తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"నీకు తెలిసిందా శిరీషా, నేను దించమన్న చోటు తప్పని?"

"తెలుస్తనే ఉండె టీచర్. పెట్టెతోని గీసుకున్నట్టు ఇనవడేది. పండ్లు జివ్వుమనేటియి."

"మరి నాకెందుకు చెప్పలే?"

పిల్ల వాళ్లమ్మ వైపు చూసింది. తర్వాత నా వైపు చూసి మెల్లగా చెప్పింది. "చెప్పిన టీచర్. రెండుసార్లు చెప్పిన. కలుస్తుంది టీచర్ అన్న. నువ్వు నాకు నేర్పుతవా అన్నరు."

నాకు గుర్తు లేదు. ఎంత వెతికినా, ఇప్పటికీ, ఆ మాట అన్న జ్ఞాపకం నాకు లేదు. అందుకే అది నిజమని నాకు తెలుసు. అలాంటి మాటలు నేను ఎంతమంది పిల్లలతో ఎన్నిసార్లు అన్నానో, గుర్తు పెట్టుకోవాల్సినవని కూడా ఎప్పుడూ అనుకోలేదు. చెవి పాడైంది జూన్‌లో. ఆ మాట నోటికి అలవాటైంది అంతకు ఎన్నో ఏళ్ల ముందు.

క్షమించమని అడిగాను. పిల్ల లోపలి గదిలోకి వెళ్లిపోయింది. వాళ్ల బాపు బస్టాండు దాకా వచ్చాడు. బస్సు ఎక్కేటప్పుడు, "మా పిల్ల ఇంట్ల పాడుడే బంద్ చేసింది టీచరమ్మా. మగ్గం కాడ కూసుంటే లోపల్నుంచి పాట వస్తుండె ఇదివరకు" అన్నాడు. నింద వేసినట్టు అనలేదు. అందుకే ఎక్కువ తగిలింది.

నా సంగతి పిల్లల తల్లిదండ్రులందరికీ నేనే చెప్పాను. దాచి నేర్పడం నాకు చేతకాలేదు. రెండు ఇళ్లవాళ్లు పిల్లలను మాన్పించారు. చెవి వినపడని సంగీతం టీచరట అని ఒకామె కూరగాయల బండి దగ్గర అందట. వాళ్ల మీద కూడా కోపం వచ్చింది, వాళ్లు అన్నదాంట్లో సగం నిజం ఉంది కాబట్టి ఇంకా ఎక్కువ వచ్చింది.

మిగిలినవాళ్లకు నేర్పే పద్ధతి మార్చుకున్నాను. ఎడమ చెవిలో దూది పెట్టుకుంటాను. పిల్లలంతా కుడి వైపే. ఎవరైనా స్వరం పట్టుకోగానే తప్పో ఒప్పో నేను ముందు చెప్పను. "నీకెట్ల ఇనవడ్తుంది?" అని అడుగుతాను. మొదట్లో బిత్తరపోయారు. ఆ ప్రశ్న వాళ్లను ఎవరూ అడిగి ఉండరు. ఒక పిల్ల "రెండూ కొట్లాడుకుంటున్నయ్ టీచర్" అంది. ఇంకో పిల్ల ఛాతీ మీద చేయి పెట్టుకుని, కలిసినప్పుడు ఇక్కడ గుంయ్ అంటుందని చూపించింది. పిల్లలు తమ గొంతును లోపలి నుంచి వింటారని ఇన్నేళ్లు అది వాళ్ల లోపమన్నట్టు చెప్పుకుంటూ వచ్చాను. ఆ లోపల వినేదాన్ని పట్టుకుని నేర్పవచ్చని నాకు తట్టలేదు. ఇది జబ్బు నాకు చేసిన మేలని ఎవరైనా అంటే వాళ్లతో మాట్లాడను. రెండు చెవులూ ఉండగానే తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

సంక్రాంతి సెలవులయ్యాక ఒక సాయంత్రం శిరీష వచ్చింది. చెప్పులు విప్పకుండా గుమ్మం బయటే నిలబడింది.

"నాకు తప్పనిపిస్తే తప్పని చెప్త టీచర్. అప్పుడు ఊకో అనొద్దు."

"అనను."

"అందరి ముంగట అంట."

"అను."

చెప్పులు విప్పింది. కుడి వైపు కూర్చుంది. మొదటి రెండు వారాలు పూర్తి గొంతుతో పాడనే లేదు. ప్రతి స్వరానికి ముందు నా ముఖం చూసేది. ఆ చూపు నేను అలవాటు చేసిందే. చూడొద్దని చెప్పినా పోలేదు, అందుకని నేను కళ్లు మూసుకుని కూర్చోవడం మొదలుపెట్టాను.

నిన్న పిల్లలకు ఒక కొత్త వరస చెబుతున్నాను. చెవిలో దూది ఎప్పుడో జారినట్టుంది, గమనించలేదు. పై షడ్జం పట్టుకుని చూపిస్తుంటే శిరీష అంది, "టీచర్, దిగిన్రు."

చాప మీద పిల్లలంతా నా వైపు తిరిగారు. నాకు పాత కోపం ఒక్కసారిగా గొంతు దాకా వచ్చింది. అబద్ధం చెప్పను, నిజంగా వచ్చింది. ఇరవై ఏళ్ల అలవాటది. దాన్ని మింగడానికి ఆ పిల్లలు చూస్తుండగా కొంతసేపు పట్టింది.

"ఎంత?" అన్నాను.

శిరీష చేయెత్తి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సందు చూపించింది. నేను మళ్లీ ఎత్తుకుని కొంచెం పెంచాను. సందు తగ్గింది. ఇంకొంచెం పెంచాను. నా ఎడమ చెవి ఇది తప్పు, తప్పు అని మొత్తుకుంటూనే ఉంది. దాని మాట వినలేదు. పిల్ల వేళ్లు రెండూ ఒకదానికొకటి తాకేదాకా వాటినే చూస్తూ పాడాను.